పాతికేళ్ల చరిత్రలో లేని పేరు

"ప్రమాదం" అన్న మాట హనుమండ్లు నోట మూడోసారి వినబడేసరికి నర్మదకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెప్పేది సమజ్ చేసుకో నర్మదా. మంగళవారం పగటీలి నాలుగు కొట్టంగ ఖాసిం సారు గీ రికార్డు రూముకు వచ్చిండు. మీది అరల కట్ట కోసం నిచ్చెన ఎక్కిండు. ఇనుప రాక్ పట్టుకొని గుంజిండు. అది మీద పడ్డది. అరవై ఒక్క ఏండ్ల మనిషి, తట్టుకోలే. ప్రమాదం. దీంట్ల నువ్వు తవ్వి తీసేదేముంది?"

హనుమండ్లు ధీమంత్ యూనివర్సిటీకి ముఖ్య భద్రతాధికారి. డీఎస్పీగా రిటైరై ఇక్కడ చేరాడు. నర్మద కొత్తగా ఎస్సై అయిన రోజుల్లో ఆమెకు సీఐ ఆయనే. ఆమె ఆ ఉద్యోగం వదిలేసి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు కరీంనగర్ కోర్టు దగ్గర ఒక చిన్న గదిలో సొంత డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. నస్పూర్ బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. కోపం వస్తే దాచుకోవడం చిన్నప్పటినుంచీ చేతకాదు.

ఆమె పక్కన రుక్సానా నిలబడి ఉంది. చనిపోయిన ఖాసిం ఒక్కగానొక్క కూతురు, సర్కారు బడిలో టీచరు. తండ్రి సామాను తీసుకుపోవడానికి రిజిస్ట్రారు ఇరవై నిమిషాలు అనుమతి ఇచ్చాడు. "తోడు ఒకరు రావచ్చు" అని రాసిన కాగితాన్ని పట్టుకుని ఆమె నర్మదను వెంట తెచ్చుకుంది. తోడుగా వచ్చేది ఎవరో రిజిస్ట్రారుకు తెలియదు. తెలిసివుంటే ఆ వాక్యం రాసేవాడు కాదు.

"ఇరవై నిమిషాలల్ల మూడు అయిపోయినయి," అన్నాడు హనుమండ్లు గడియారం చూసుకుంటూ.

నర్మద లోపలికి నడిచింది.

కిటికీ లేని గది. పైన ఒకే ట్యూబులైటు. మూడు గోడలకు ఇనుప రాకులు, వాటి నిండా గుడ్డల్లో మూటగట్టిన దస్త్రాలు. ప్రతి అరకూ ఒక సంవత్సరం అంకె. యూనివర్సిటీ పాతికేళ్ల బతుకంతా ఈ గదిలోనే ఉంది. 1999లో ఒక సైకిల్ షాపు మీది రెండు అద్దె గదుల్లో రాజలింగం ఎంసెట్ కోచింగ్ మొదలుపెట్టాడు. మూడేళ్లకు ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీ కట్టాడు. ఆ వెనక ఫార్మసీ, ఎంబీఏ, బీఎడ్. తండ్రులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో మాడుతుంటే, కొడుకులూ కూతుళ్లూ ఇక్కడ ఇంజనీర్లు కావాలని వచ్చి చేరారు. ఐదేళ్ల కింద యూనివర్సిటీ హోదా వచ్చింది. ఇప్పుడు పద్నాలుగు వేలమంది విద్యార్థులు, తొమ్మిదంతస్తుల గ్రంథాలయం. ఒకప్పటి ట్యూషన్ మాస్టారు ఇప్పుడు ఛాన్సలర్ డాక్టర్ రాజలింగం.

సైకిల్ షాపు మీది గదుల్లో ఒకే ఒక్క బీరువా గ్రంథాలయంగా ఉండేది. దాని తాళంచెవి మొదటిరోజు నుంచీ ఖాసిం జేబులోనే ఉండేది. అందుకే రజతోత్సవ చరిత్ర రాసే పని ఆయనకే అప్పగించారు. సోమవారం ఆ పుస్తకాన్ని ఆవిష్కరించాలి. ఇవాళ శుక్రవారం. మంగళవారమే రచయిత చచ్చిపోయాడు, రాతప్రతి మాయమైంది.

నర్మద పడిపోయిన రాక్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. పోలీసులు దాన్ని ఎత్తి గోడకు ఆనించి పోయారు. గోడకు బిగించే పట్టీలు దానికి నాలుగున్నాయి. పట్టీల్లో బోల్టులు లేవు. గోడలో వాటి చిల్లులు నాలుగూ గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి.

"రాక్ గుంజితే ఊడిందన్నరు గదా సార్?"

"అవును."

"గుంజితే ఊడిన బోల్టు గోడ పెచ్చులను కూడ ఊడబెరుకుతది. గీడ సిమెంటు పెళ్ల ఒక్కటి రాలలే. పట్టీల మీద పానా గీతలు తళతళ మెరుస్తున్నయి. ఎవరో సావకాశంగ తిప్పి తీసిండ్రు. తీసిన బోల్టులు ఏవి?"

"ఊడ్చేటప్పుడు పోయినయేమో."

"ఆ నిచ్చెన?"

వెదురు నిచ్చెన ఎదుటి గోడకు ఆనించి ఉంది. నర్మద సెల్‌ఫోన్ వెలుగు దాని మీద వేసింది. పై మెట్టు నుంచి గోడ దాకా సాలెగూడు అల్లుకుని ఉంది, ఎక్కడా ఒక పోగైనా తెగలేదు. మెట్ల మీది దుమ్ములో పాదం గుర్తు ఒక్కటీ లేదు.

"ఈ నిచ్చెన ఎక్కిండా మా అబ్బా?" అంది రుక్సానా. కళ్లు పొడిగా, ఎర్రగా ఉన్నాయి. "మోకాళ్ల నొప్పులని ఇంట్ల స్టూలు సుత ఎక్కకపోతుండె!"

హనుమండ్లు ఆమె వైపు చూడనైనా చూడలేదు. నర్మద అరల అంకెలు చదువుకుంటూ పోయింది. 2003, 2004, 2005, ఆ తర్వాత 2007. మధ్యలో ఒక ఖాళీ.

"రెండువేల ఆరు ఏడవోయింది?"

"చెదలు పట్టింది. పారేసినం."

"చెదలు ఒక్క సంవత్సరాన్నే ఏరుకొని తిన్నయా సార్? అటుపక్కది ముట్టలే, ఇటుపక్కది ముట్టలే. బాగ చదువుకున్న చెదలున్నట్టున్నయి మీ యూనివర్సిటీల!"

హనుమండ్లు వేలెత్తాడు. "మాటలు జర సంభాళించుకో."

"వరండాల కెమెరా ఉన్నది. మంగళవారం నాటి రికార్డు చూపెట్టుండ్రి."

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు హనుమండ్లు చేతులు కట్టుకున్నాడు. "కరెంటు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిండ్రు. మూడు నలభై నుంచి ఐదు దాటి ఐదు నిమిషాల దాక క్యాంపస్ అంత బంద్. పాత బ్లాకుకు జనరేటరు లేదు. కెమెరా ఎట్ల నడుస్తది? కావాలంటే కరెంటాఫీసుల అడుగు."

"అక్కరలేదు. మీ మాట మీద నమ్మకమున్నది," అంది నర్మద. "శవాన్ని ముందుగాల చూసినామెను పిలువుండ్రి."

బాలవ్వ వరండాలోనే ఉంది. యాభై ఐదేళ్లుంటాయి. కాలేజీ పుట్టినప్పటి నుంచి ఇక్కడే పనిచేస్తోంది. చీపురు వదలకుండానే గడప దగ్గరికి వచ్చి నిలబడి, హనుమండ్లు ముఖం చూసి తల వంచుకుంది.

"ఎన్ని గంటలకు వచ్చినవ్ బాలవ్వా?"

"ఐదుంబావుకు మేడం. కరెంటు వచ్చినంకనే ఊడ్వనీకి వచ్చిన. తలుపు దగ్గరికేసి ఉండె."

"లోపల లైటు ఉండెనా?"

"లేకుండె. స్విచ్చి నేనే ఏసిన. ఏసి చూస్తే సారు..." ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాలు, పో," అన్నాడు హనుమండ్లు.

"పోకు బాలవ్వా. లోపలికి రా. తలుపు దగ్గరికెయ్యి. ఇప్పుడు ఆ స్విచ్చి బంద్ చెయ్యి."

గది గుయ్యారమైంది. ఎవరి చెయ్యి వాళ్లకే కనబడటం లేదు. నలుగురి ఊపిరి చప్పుడూ వినబడుతోంది. ఆ చీకట్లో నర్మద గొంతు కత్తిలా పలికింది.

"సార్, ఇప్పుడు మంగళవారం నాలుగు గంటలైందనుకుందాం. కరెంటు లేదు. మీరే ఖాసిం సారు. మీది అరల మీకు కావలసిన కట్ట ఏడున్నదో, దాని మీద ఏ అంకె ఉన్నదో చదివి చెప్పుండ్రి."

హనుమండ్లు బూటు నేల మీద రాసుకున్న చప్పుడైంది.

"చెప్పుండ్రి సార్. కెమెరా ఎందుకు లేదంటే కరెంటు లేదంటిరి. కరెంటు లేకుంటే కిటికీ లేని గదిల మనిషి నిచ్చెనెక్కి దస్త్రాలు ఎట్ల ఎతికిండు? ఈ రెండిట్ల ఏదో ఒక్కటే నిజం. ఏది కావాల్నో ఎంచుకోండ్రి."

ఫట్‌మని స్విచ్చు చప్పుడైంది. నొక్కింది హనుమండ్లే. వెలుతురులో ఆయన నుదుట చెమట మెరిసింది. "సెల్‌ఫోన్ లైటు ఏసుకొని ఉంటడు."

రుక్సానా సంచిలో చెయ్యి పెట్టి ఒక పాత ఫోను తీసి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంది. "ఇగో అబ్బా ఫోను. ఆ దినం ఇంట్లనే మర్చిపోయి వచ్చిండు. మేం దుఃఖంల ఉండి మూడు దినాలు చార్జింగు సుత పెట్టలే. పంచనామాల మీ పోలీసులే రాసుకున్నరు, మనిషి దగ్గర ఫోను లేదని. ఏం లైటు ఏసుకున్నడు సాబ్? చెప్పు, ఏం లైటు?"

"ఇంకొకరి చేతుల లైటుండె," అంది నర్మద. "ఎవరో చీకట్ల ఎదురుచూసిండ్రు. బోల్టులు ముందే తీసి పెట్టిండ్రు. పనైపోయినంక లైటు తీసుకొని పోయిండ్రు."

హనుమండ్లు రెండడుగులు ముందుకు వేశాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే కేకలు వేసినదానికన్నా ప్రమాదమని నర్మదకు పాత అనుభవం. "నువ్వు నా చేతికింద పని నేర్చుకున్నదానివి నర్మదా. నీ తలకాయల ఏమున్నదో నాకు ఎర్కే. సోమవారం గీడికి మంత్రులు వస్తుండ్రు. దాని మీద మన్ను పోస్తనంటే నీ ఆఫీసు తలుపుకు రేపే తాళం పడ్తది. అదొక్కటే కాదు, ఇంకా శాన పడ్తయి."

"మీ చేతికింద నేర్చుకున్నది మర్చిపోనీకే తొమ్మిదేండ్లు పట్టింది సార్. ఇంక మల్ల నేర్పకుండ్రి."

"టైం అయిపోయింది. బైటికి నడువుండ్రి."

ఇంకా ఐదు నిమిషాలు ఉన్నాయి. నర్మద వాదించలేదు. చూడవలసింది చూసేసింది. సాలెగూడునూ పట్టీలనూ గోడ చిల్లులనూ ఆయన ముందే ఫోటోలు తీసుకుని బయటికి వచ్చింది.

పాత బ్లాకు వెనక, బకెట్లు కడిగే నల్లా దగ్గర, బాలవ్వ వాళ్ల కోసం కాచుకుని ఉంది. అటూ ఇటూ చూసి, బోర్లించిన పెద్ద గంగాళం కింది నుంచి పాత చీరముక్కలో చుట్టిన పుస్తకం ఒకటి తీసింది. రుక్సానా చేతిలో పెట్టింది.

"మంగళవారం మూడింటికి మీ బాపు ఇచ్చిండు బిడ్డా. నేనొచ్చి అడిగినా ఇయ్యకు, నా బిడ్డకే ఇయ్యి అన్నడు. నేను చదువు రానిదాన్నని ఎవరు అనుమానపడరట. ఎవరో కలువమన్నరని చెప్పి పాత బ్లాకు దిక్కు పోయిండు. ఎవరంటే చెప్పలే. ఇన్ని దినాలు భయానికి నోరు తెరువలే బిడ్డా. నాదే తప్పు."

అట్ట మీద వెలిసిపోయిన అక్షరాలు. 'బాలికల వసతిగృహం, మెస్ రిజిస్టర్, 2006.'

"అప్పుడు నేను మెస్సుల వడ్డిస్తుంటి," అంది బాలవ్వ. ఒకసారి మొదలుపెట్టాక ఆమె మాట ఆగలేదు. "ఆ యేడు వానలు దంచి కొట్టినయి. పంద్రాగస్టు సెలవులకు పిల్లలందరు ఇండ్లకు పోయిండ్రు. ఒక్క పోరి మిగిలింది. ఆదిలాబాద్ దిక్కు పోరి. వాగులు పొంగి అటు బస్సులు బందైనయి. పద్నాలుగు తారీకు పగటీలి నేనే అన్నం పెట్టిన. కారం తక్కువైంది బాలక్కా అని నవ్వింది. సంతకం పెట్టి మీదికి పోయింది. పొద్దుగూకంగ హాస్టల్ స్లాబు కూలింది. ఆర్నెల్లు కాలే కట్టి! లోపల పోరి ఉన్నది సారూ అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్న. రాజలింగం సారేమో, లేదు బాలవ్వా, మూడు గంటల బస్సుకు నేనే ఎక్కిచ్చి వచ్చిన అన్నడు. పెద్దమనిషి, అంత చదువుకున్నాయన అబద్ధమాడ్తడా అనుకున్న. తెల్లారకముందే మిషన్లు పెట్టి సాపు చేపిచ్చిండు."

"ఆ జాగ ఏది?" అడిగింది నర్మద.

బాలవ్వ చెయ్యెత్తింది. ఆమె వేలు తొమ్మిదంతస్తుల గ్రంథాలయం వైపు చూపింది.

రుక్సానా నోటి నుంచి చిన్న మూలుగు వచ్చింది. ఆమె తండ్రి పదిహేనేళ్లు రోజూ కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆ భవనంలోనే.

"పోయిన వారం ఖాసిం సారు అడిగిండు," అంది బాలవ్వ. "బాలవ్వా, ఆ దినం అటు బస్సులే బందైనయంటవు, మల్ల మూడు గంటల బస్సు ఏడికెల్లి వచ్చింది అన్నడు. పద్దెనిమిదేండ్ల సంది నాకు ఆ మాట తట్టలే బిడ్డా! ఎంత పాపిష్టిదాన్ని నేను! ఎంత పాపిష్టిదాన్ని!"

నర్మద రిజిస్టర్ తెరిచింది. ఆగస్టు నెల. పదకొండు నాటికి డెబ్బై పేర్లు, పన్నెండుకు తొమ్మిది, పదమూడుకు ఒకటి, పద్నాలుగుకు ఒకటి. 'మధ్యాహ్నం' అన్న గడిలో గుండ్రటి అక్షరాల సంతకం. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

వాఘ్మారే జమున. సెకండియర్.

నర్మద చేతిలో రిజిస్టర్ బరువెక్కింది. ఆ పేరు ఆమెకు కొత్త కాదు.

2006 ఆగస్టు ఇరవై. ఉద్యోగంలో చేరి నెలన్నర. ఉట్నూరు అవతలి ఊరి నుంచి, మడమల దాకా బురద గట్టిన చీరతో, సక్కుబాయి అనే ఆవిడ స్టేషనుకు వచ్చింది. బిడ్డ కనబడటం లేదని, కాలేజీవాళ్లు సరిగ్గా చెప్పడం లేదని ఏడ్చింది. నర్మద కాగితం తీసుకుంది. సీఐ హనుమండ్లు వెనక నుంచి వచ్చి భుజం మీదుగా చూసి, "ఎవనితోనో లేచిపోయింది, ఇష్టపూర్వకంగ పోయినట్టు రాయి, క్లోజ్ చెయ్యి," అన్నాడు. నర్మద ఒక్క ప్రశ్న వెయ్యలేదు. రాసింది. కింద సంతకం కూడా పెట్టింది. ఆ తల్లి ఆ కాగితం తీసుకుని ఊరికి పోయింది. లేచిపోయిన ఆడపిల్ల తల్లిగా పద్దెనిమిదేళ్లు ఆ ఊళ్లో తలెత్తకుండా బతికింది.

"అక్కా, ఏమైంది?" అంది రుక్సానా.

"రాజలింగం అబద్ధం చెప్పిండు. హనుమండ్లు దానికి సర్కారు ముద్ర ఏసిండు." నర్మద మాటలు పళ్ల సందుల్లోంచి వచ్చాయి. "రాసింది మాత్రం నేను. ఈ పోరి లేచిపోయిందని నా చేతితోని నేనే రాసిన."

రుక్సానా ఆమె వైపు తిరిగింది. ఆ చూపులో జాలి లేదు. "నువ్వు ఆనాడే ఒక్క మాట అడిగి ఉంటే మా అబ్బా ఇయ్యాల బతికి ఉంటుండె," అంది.

"అవును."

చెంప మీద కొట్టినా ఇంతకన్నా నయంగా ఉండేది.

రుక్సానా కళ్లు తుడుచుకుని తండ్రి ఫోను చేతికిచ్చింది. "ఇందాక కార్ల చార్జింగు పెడితే తెరుచుకున్నది. మంగళవారం మూడూ యాభై రెండుకు ఒక మిస్డ్ కాల్ ఉన్నది. 'ఉట్నూరు అమ్మ' అని పేరు రాసి పెట్టుకున్నడు. కాలేజీల చదివే ఎవరో పిల్ల తల్లి అనుకున్న."

నర్మద ఆ ఫోను అందుకుంది. నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. రెండు రింగులకే ఎత్తారు. వెనక కారు హారను, గాలి హోరు.

"ఖాసిం సారూ!" ముసలి గొంతు, నిండా సంబరం. "ఎన్ని దినాలాయె ఫోను చెయ్యక! మంగళవారం నేను చేస్తే ఎత్తలే. నా పోరి సంగతి చెప్తనంటివి గదా?"

"అమ్మా, నేను సారు తరఫున మాట్లాడుతున్న. నర్మదను. మీరు యాడున్నరు?"

"కార్ల ఉన్న బాయీ! పొద్దుగాల మీ కాలేజోళ్లే ఊరికి వచ్చిండ్రు. నా జమున దొరికిందట! ఒక కాయితం మీద దస్కత్ పెడితే చూపెడ్తరట. ఇప్పుడే రాయపట్నం కాడ గోదారి పుల్లు దాటినం. దానికిష్టమని ధపాటే రొట్టెలు చేసి తెస్తున్న." ఆమె గొంతు ఫోనుకు ఇంకా దగ్గరైంది. "నువ్వు చూసినవా బాయీ నా పోరిని? ఎట్లున్నది? పెయ్యి పట్టిందా, బక్కగనే ఉన్నదా?"

బాలవ్వ నల్లా దిమ్మె మీద కూలబడిపోయింది.

"అమ్మా, నా మాట ఇనుండ్రి. ఏ కాయితం మీద దస్కత్ పెట్టకుండ్రి. కార్ల ఇంకెవరున్నరు?"

"ముందట పెద్దసారున్నడు. రాజలింగం సారు. మంచోడు బాయీ, నాకోసం ఆయనే స్వయంగ వచ్చిండు. ఆగు, నీతోని మాట్లాడ్తడట."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. కారు ఆగింది. తలుపు తెరిచి మూసిన శబ్దం, ఆ వెనక రోడ్డు పక్క గాలి.

"నర్మదా మేడం గదా?" మెత్తటి గొంతు, క్లాసులో పాఠం చెప్పే గొంతు. "హనుమండ్లు ఇప్పుడే చెప్పిండు. చీకట్ల పెట్టి పరీక్ష చేసినవట. తెలివైనదానివి."

"ఆ తల్లిని దింపెయ్యి."

"దింపుత. కొండగట్టు కాడ దింపుత. పాపం, ఎన్నడు గుట్ట ఎక్కలేదట, దేవుని దర్శనం చేపిస్త. వానకు మెట్లు పాచిపట్టి ఉన్నయి. ముసలామె. జారితే ఎవరేం చేస్తరు?" ఆయన తొందరపడటం లేదు. "ఈమెకు ఫోను చేసినవంటే మెస్ రిజిస్టరు నీ చేతికి వచ్చినట్టే. అది నాకు కావాలె. ఖాసింను రెండుసార్లు అడిగిన. మర్యాదగనే అడిగిన. ఏడున్నదో చెప్పకుండనే పోయిండు. పాతికేండ్ల దోస్తు, అంత మొండికేస్తడని అనుకోలే. నువ్వట్ల చెయ్యవు. రెండున్నరకు ఆ మెట్ల కాడికి రా. ఒక్కదానివే."

ఫోను ఆగిపోయింది.

రుక్సానా తన రెండో చేతిలోని సొంత ఫోను చూపింది. తెర మీద ఎర్రచుక్క మెరుస్తోంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా రికార్డయింది. ఆమె ఏడవలేదు.

"ఆయనే చంపిండు," అంది. "మా ఇంటికి వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, నాకు అన్న చచ్చిపోయినట్టున్నది బిడ్డా అన్నడు అక్కా! ఆ చేతితోనే!"

టైము ఒకటీ ఇరవై. నర్మద రిజిస్టర్‌ను మళ్లీ చీరముక్కలో చుట్టి రుక్సానా సంచిలో పెట్టింది. "నువ్వూ బాలవ్వా కార్ల కోర్టుకు పోండ్రి. మేజిస్ట్రేటు ముందట ఇది పెట్టుండ్రి, ఫోను ఇనిపియ్యుండ్రి. పోలీస్ స్టేషన్ మెట్లు మాత్రం ఎక్కకుండ్రి."

"రిజిస్టరు లేకుంట పోతవా? ఆమెను చంపుతడు!"

"రిజిస్టరు ఇస్తే ఇద్దరిని చంపుతడు. నేను పోయేది ఆమె కోసం."

పాత బ్లాకు ముందు నుంచి జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. మలుపు తిరిగే ముందు హనుమండ్లు అద్దంలోంచి వాళ్ల ముగ్గురినీ, రుక్సానా భుజాన ఉబ్బిన సంచినీ చూశాడు. జీపు కొండగట్టుకు పోయే జగిత్యాల రోడ్డు వైపు పోలేదు. గేటు దగ్గర అడ్డంగా ఆగింది. ఆయన దిగి, వాచ్‌మన్ చేతిలోని తాళం లాక్కుని, గేటు రెండు రెక్కలూ మూసి లోపలి నుంచి వేశాడు.